ఓడిన గుర్రం పెంచిన గెలుపు

1971లో న్యూమార్కెట్‌లో ఆరు గుర్రాలు ఒక మైలు పరుగెత్తాయి. గెలిచిందేదో వెంటనే తెలిసింది. ఆ గెలుపు ఎంతటిదో తెలియడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది.

పందెం ముగియగానే ఎవరు గెలిచారో బోర్డు మీద పడుతుంది. ఎలాంటి వాటి మీద గెలిచారో తేలాలంటే నెలలు ఆగాలి, ఒక్కోసారి ఏళ్లు ఆగాలి. రెండో స్థానంలో వచ్చిన గుర్రం ఆ తర్వాత ఎక్కడా తల ఎత్తకపోతే మొదటి స్థానం విలువ కూడా తరిగిపోతుంది. అదే గుర్రం దేశాలు దాటి వెళ్లి గెలుస్తూ పోతే, దాన్ని ఓడించిన గుర్రం పేరు లాయంలో నిలబడి ఉండగానే పెరుగుతుంది. రేసు పుస్తకాలు తిరగేసే అలవాటున్న వాళ్లకు ఇది బాగా తెలిసిన లెక్క. ఆ లెక్క ఎంత దూరం వెళ్లగలదో చూపించిన పందెం 1971 నాటి 2000 గినీస్.

ఆ ఏడాది మే 1, శనివారం ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్‌లో ఆ పందేనికి బరిలో మిగిలినవి ఆరే గుర్రాలు. వాటిలో మూడింటి పేర్లు అప్పటికే దేశమంతా మోగుతున్నాయి: మై స్వాలో, మిల్ రీఫ్, బ్రిగేడియర్ జెరార్డ్. అప్పటిదాకా మూడూ కలిపి 19 సార్లు పరుగెత్తి 18 సార్లు గెలిచాయి. పోయిన ఆ ఒక్క పందెం కూడా బయటివాళ్లకు పోలేదు. ఫ్రాన్స్‌లో మిల్ రీఫ్‌ను వెంట్రుకవాసి తేడాతో ఓడించింది మై స్వాలోనే. ఇలాంటి గుర్రాలు ఒకే ఏడాది మూడు పుట్టడమే అరుదు. యజమానులు వాటిని ఒకే రోజు ఒకే గీత మీద నిలబెట్టడం ఇంకా అరుదు.

మూడు లాయాలు, ముగ్గురు యజమానులు

మిల్ రీఫ్ అమెరికా గుర్రం. వర్జీనియాలో పాల్ మెలన్‌కు చెందిన రోక్‌బీ ఫారంలో పుట్టింది. మెలన్ బ్యాంకింగ్ కుటుంబంలో పుట్టిన కోటీశ్వరుడు. బొమ్మలు, పుస్తకాలు, గుర్రాలు ఆయన ప్రాణం. యేల్ విశ్వవిద్యాలయంలోని బ్రిటిష్ కళల కేంద్రం ఆయన ఇచ్చిన సేకరణతోనే వెలిసింది. ఈ పిల్లగుర్రం నడక అమెరికా మట్టి ట్రాకుల కంటే ఇంగ్లండ్ పచ్చికకే బాగా నప్పుతుందని తోచి, దాన్ని అట్లాంటిక్ దాటించి హాంప్‌షైర్‌లోని కింగ్స్‌క్లియర్‌లో ఇయాన్ బాల్డింగ్ దగ్గర శిక్షణకు పెట్టారు. చూడటానికి చిన్నదే. కదిలితే మాత్రం నేల తాకనట్టు ఉండేది. రెండేళ్ల వయసులో రాయల్ ఆస్కాట్‌లో కోవెంట్రీ స్టేక్స్ గెలిచింది. యార్క్‌లో వానకు తడిసి ముద్దయిన నేల మీద గిమ్‌క్రాక్ స్టేక్స్‌ను పది లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు. ఆరు ఫర్లాంగుల పందెంలో పది గుర్రాల పొడవు తేడా రావడమంటే మిగతావి పోటీలోనే లేవన్నమాట.

మై స్వాలో యజమాని డేవిడ్ రాబిన్సన్‌ది పూర్తిగా వేరే ప్రపంచం. కేంబ్రిడ్జ్‌లో సైకిల్ షాపు నడిపే ఇంట్లో పుట్టి, పదిహేనేళ్లకే బడి మానేసి, రేడియోలు, టీవీలు అద్దెకిచ్చే వ్యాపారంలో కోట్లు గడించాడు. రేసింగ్‌ను కూడా వ్యాపార పద్ధతిలోనే నడిపాడు. వందకు పైగా గుర్రాలు, జీతాల మీద ట్రైనర్లు, ప్రతి ఖర్చుకూ లెక్క. న్యూమార్కెట్‌లో పాల్ డేవీ శిక్షణలో మై స్వాలో రెండేళ్ల వయసులో ఏడింటికి ఏడూ గెలిచింది. ఫ్రాన్స్‌లో ఆ వయసు గుర్రాలకు పెట్టే పెద్ద పందేలన్నీ, ప్రీ రాబర్ట్ పాపాన్ నుంచి గ్రాండ్ క్రిటీరియం దాకా, వరసగా ఊడ్చేసింది. మిల్ రీఫ్‌ను ఓడించింది ఆ పాపాన్‌లోనే.

బ్రిగేడియర్ జెరార్డ్ కథ మధ్యతరగతి ఇంటి కథ. యజమాని జాన్ హిస్లప్ ఒకప్పుడు పేరున్న అమెచ్యూర్ జాకీ, తర్వాత రేసింగ్ పత్రికా రచయిత. ఆయనా భార్య జీనూ కలిసి కొద్దిపాటి ఆడగుర్రాలతో సొంత ఇంటి దగ్గరే చిన్న స్టడ్, అంటే గుర్రాలను పుట్టించి పెంచే చోటు, నడిపేవారు. బ్రిగేడియర్ తల్లి లా పైవా పందేల్లో గెలిచిన గుర్రం కాదు. తండ్రి క్వీన్స్ హుస్సార్‌తో దాటించడానికి అయిన ఫీజు 250 పౌండ్లు. గొప్ప స్టాలియన్లకు వేలల్లో పలికే రోజుల్లో అది చవక బేరం. అయితే లా పైవా వంశాన్ని వెనక్కి తిరగేస్తే 1904 నాటి మహా ఆడగుర్రం ప్రెట్టీ పాలీ కనిపిస్తుంది. హిస్లప్ ఆ రక్తాన్నే నమ్ముకున్నాడు. పుట్టిన పిల్లగుర్రానికి కోనన్ డోయల్ కథల్లోని ఫ్రెంచ్ సైనికాధికారి పేరు పెట్టి, వెస్ట్ ఇల్స్‌లీలో డిక్ హెర్న్‌కు అప్పగించాడు. అది రెండేళ్ల వయసులో నాలుగింటికి నాలుగూ గెలిచింది. గినీస్‌కు ముందే రెండున్నర లక్షల పౌండ్లు ఇస్తామంటూ బేరం వచ్చింది. హిస్లప్ దంపతులు ఇవ్వలేదు. ఆ డబ్బు వాళ్లకు అక్కర్లేనిదేమీ కాదు. ఆ గుర్రం ఏమిటో తమ కళ్లతో చూడాలనుకున్నారు.

1970 చివర రెండేళ్ల గుర్రాలన్నిటికీ అధికారికంగా వేసే తూకాల పట్టికలో మై స్వాలోకు 9 స్టోన్ల 7 పౌండ్లు, మిల్ రీఫ్‌కు 9 స్టోన్ల 6 పౌండ్లు, బ్రిగేడియర్‌కు 9 స్టోన్ల 5 పౌండ్లు పడ్డాయి. ఎంత మంచి గుర్రమైతే అంత ఎక్కువ బరువు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య తేడా ఒక్క పౌండు, అంటే అర కిలో కూడా లేదు. నిపుణులే అంతకు మించి విడదీయలేకపోయారు.

క్లాసిక్ అంటే

(అడ్డంకులు లేకుండా చదును నేల మీద పెట్టే పరుగు ఫ్లాట్ రేస్. ఇంగ్లండ్‌లో అలాంటి వందల పందేల్లో ఐదింటినే క్లాసిక్స్ అంటారు: 2000 గినీస్, 1000 గినీస్, ఓక్స్, డెర్బీ, సెయింట్ లెజర్. అన్నీ మూడేళ్ల గుర్రాలకే. అంటే ఏ గుర్రానికైనా జన్మలో ఒక్కసారే అవకాశం. 2000 గినీస్ 1809లో మొదలైంది. దూరం ఒక మైలు, అంటే 1,609 మీటర్లు. డెర్బీ దూరం మైలున్నర. మన హైదరాబాద్‌కూ ఈ పేర్లు కొత్త కావు. మలక్‌పేట రేసు కోర్సులో ఏటా జరిగే గోల్కొండ 2000 గినీస్, గోల్కొండ డెర్బీ ఆ ఇంగ్లండ్ పందేల నమూనాలోనే పుట్టాయి.)

ఆ మైలు

న్యూమార్కెట్‌లోని రౌలీ మైల్ చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. మలుపు లేదు, వంపు లేదు, బాణంలా సూటి దారి. గుర్రాల కాళ్లను పరీక్షించేది చివర్లో వచ్చే పల్లం. దాన్ని అక్కడివాళ్లు డిప్ అంటారు. ఫర్లాంగు దూరం మిగిలేసరికి నేల బాగా దిగి, మళ్లీ గీత దాకా ఎగువకు సాగుతుంది. అలసిన గుర్రం అక్కడే తూలుతుంది.

పందెం రాయుళ్లు మిల్ రీఫ్‌ను ఫేవరెట్ చేశారు. ధర 6/4. మై స్వాలో 2/1. బ్రిగేడియర్ 11/2, అంటే రెండు పౌండ్లు కాస్తే పదకొండు వస్తాయి. మిగతా రెండూ ఆ వసంతంలో ఒక్కో పందెం గెలిచి వచ్చాయి: మిల్ రీఫ్ గ్రీన్‌హామ్ స్టేక్స్, మై స్వాలో కెంప్టన్‌లో అషర్ స్టేక్స్. బ్రిగేడియర్ మాత్రం చలికాలం విశ్రాంతి తర్వాత నేరుగా క్లాసిక్‌కే వచ్చింది. హెర్న్, హిస్లప్ కావాలనే అలా తెచ్చారు. జనం దాన్ని మూడో స్థానంలో ఉంచడానికి అదీ ఒక కారణం.

నాలుగో పేరు మిన్స్కీ. అంతకు ముందు ఏడాదే 2000 గినీస్, డెర్బీ, సెయింట్ లెజర్ మూడూ కొట్టి ట్రిపుల్ క్రౌన్ గెలిచిన నిజిన్స్కీకి తోడబుట్టిన తమ్ముడు. దాని మీద కూర్చున్నది లెస్టర్ పిగాట్. మిగిలిన రెండూ గుడ్ బాండ్, ఇండియన్ రూలర్.

గేట్లు తెరుచుకోగానే మై స్వాలోను ఫ్రాంకీ డర్ ముందుకు ఉరికించాడు. జెఫ్ లూయిస్ మిల్ రీఫ్‌ను దాని పక్కనే నడిపించాడు. పాపాన్ నాటి పాత లెక్క తేల్చుకోవాలని ఆ రెండూ ఒకదాన్ని ఒకటి వదల్లేదు. కొన్ని లెంగ్త్‌ల వెనక బ్రిగేడియర్ మీద జో మెర్సర్ తొందర పడకుండా చూస్తున్నాడు. డిప్‌లోకి దిగే చోట పగ్గాలు వదిలాడు. ముందున్న రెండు గుర్రాలూ అప్పటికి ఒకదానికొకటి సత్తువ పిండేసుకున్నాయి. బ్రిగేడియర్ వాటిని దాటేసి, ఎగువ మీద ఇంకా దూరం పెంచుకుంటూ మూడు లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. మిల్ రీఫ్ రెండోది. ముప్పావు లెంగ్త్ వెనక మై స్వాలో. నాలుగోది మిన్స్కీ.

మర్నాడు చాలామంది అనుకున్నది ఒకటే: ఫేవరెట్లు రెండూ తమలో తాము కొట్టుకుని అలసిపోతే మూడోదానికి కలిసొచ్చింది. ఆ మాటలో కొంత నిజం ఉండవచ్చు. దాన్ని తుడిచిపెట్టే పని ఓడిన మిల్ రీఫే చేసింది.

దారులు చీలిన వేసవి

గినీస్ తర్వాత ఇద్దరు యజమానుల ఆలోచన రెండు దిక్కులకు పోయింది. తన గుర్రానికి మైలున్నర దూరం ఇంకా బరువేనని హిస్లప్ అనుకున్నాడు. డెర్బీ అంటే ఏ యజమానికైనా నోరూరుతుంది. అయినా డెర్బీ జరిగే ఎప్సమ్ వైపు చూడలేదు. మెలన్, బాల్డింగ్ మాత్రం మిల్ రీఫ్‌ను డెర్బీకే తీసుకెళ్లారు.

అక్కడ మిల్ రీఫ్ లిండెన్ ట్రీని రెండు లెంగ్త్‌లతో ఓడించింది. జులైలో సాండౌన్‌లో ఎక్లిప్స్ స్టేక్స్‌లో ఫ్రెంచ్ గుర్రం కారోను నాలుగు లెంగ్త్‌లతో. అదే నెలలో ఆస్కాట్‌లో కింగ్ జార్జ్ స్టేక్స్‌లో ఆరు లెంగ్త్‌లతో. అక్టోబరులో పారిస్ వెళ్లి ప్రీ ద లార్క్ ద త్రియాంఫ్‌ను మూడు లెంగ్త్‌లతో, రికార్డు సమయంలో గెలిచింది. బ్రిటన్‌లో శిక్షణ పొందిన గుర్రం ఈ పందెం గెలవడం 1948లో మిగోలీ తర్వాత అదే మొదటిసారి.

ఇప్పుడు గినీస్ ఫలితాన్ని మళ్లీ చదవండి. యూరప్‌లో ఏ గుర్రమూ దరి చేరలేకపోయిన మిల్ రీఫ్‌ను మూడు లెంగ్త్‌ల వెనక ఉంచిన గుర్రం ఒకటుంది. మిల్ రీఫ్ గెలిచిన ప్రతి పందెమూ బ్రిగేడియర్ ఖాతాలో కూడా పడింది.

బ్రిగేడియర్ ఊరుకోలేదు. రాయల్ ఆస్కాట్‌లో వాన దంచికొట్టిన రోజు సెయింట్ జేమ్సెస్ ప్యాలెస్ స్టేక్స్‌లో స్పార్క్‌లర్‌ను తల తేడాతో దాటింది. గుడ్‌వుడ్‌లో ససెక్స్ స్టేక్స్‌ను ఐదు లెంగ్త్‌లతో గెలిచింది. గుడ్‌వుడ్ మైల్, ఆస్కాట్‌లో క్వీన్ ఎలిజబెత్ స్టేక్స్ కూడా దానివే. సీజన్ చివర న్యూమార్కెట్‌లో మొదటిసారి మైలుంబావు పందెం ఛాంపియన్ స్టేక్స్‌కు దిగింది. మెత్తబడ్డ నేల మీద రేరిటీ అనే గుర్రం దాన్ని గీత దాకా తరిమింది. అతి స్వల్ప తేడాతో బయటపడింది. తడి నేల బ్రిగేడియర్‌కు సరిపడదన్న సంగతి ఆ రెండు పందేల్లో బయటపడింది.

ఆ ఏడాది ముగిసేసరికి ఇంగ్లండ్‌లో రేసింగ్ అభిమానులు రెండు వర్గాలయ్యారు. రెండు గుర్రాలూ నాలుగేళ్ల వయసులో కూడా పరుగెత్తుతాయని తెలిశాక అందరూ ఒకే మాట మీద ఉన్నారు: మళ్లీ ఒకసారి ఎదురుపడాలి.

ఎదురుపడని ఏడాది

1972 వసంతంలో ఆ ఆశ తీరేలాగే కనిపించింది. మిల్ రీఫ్ పారిస్‌లో ప్రీ గనేను పది లెంగ్త్‌లతో గెలిచింది. బ్రిగేడియర్ న్యూబరీలో లాకింజ్, సాండౌన్‌లో వెస్ట్‌బరీ స్టేక్స్ గెలుచుకుంది. ఎప్సమ్‌లో కరొనేషన్ కప్‌లో మాత్రం మిల్ రీఫ్ హోమెరిక్ మీద మెడ తేడాతోనే గట్టెక్కింది. ఏదో తేడాగా ఉందని చూసినవాళ్లందరికీ అర్థమైంది. లాయంలో వైరస్ పాకింది. జులైలో ఎక్లిప్స్‌లో జరగాల్సిన పోరు జరగలేదు. మిల్ రీఫ్ లేకుండానే బ్రిగేడియర్ వచ్చి గెలిచి వెళ్లింది.

జూన్‌లో బ్రిగేడియర్ వైపు కూడా ఒక గండం గడిచింది. రాయల్ ఆస్కాట్ వారానికి ముందు ఆదివారం జో మెర్సర్ ఎక్కిన చిన్న విమానం న్యూబరీ దగ్గర పైకి లేస్తూనే కూలిపోయింది. పైలట్ చనిపోయాడు. మెర్సర్ బతికి బయటపడ్డాడు. రెండు రోజులకే జీను మీద కూర్చుని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ స్టేక్స్‌లో బ్రిగేడియర్‌ను రికార్డు సమయంలో గెలిపించాడు. గుర్రం మీద నమ్మకం ఎంతటిదో గానీ, ఆ రౌతు గుండె ధైర్యం గురించి బ్రిటిష్ రేసింగ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత హిస్లప్ సాహసించి కింగ్ జార్జ్ స్టేక్స్‌కు, అంటే తాను మొదట భయపడ్డ మైలున్నర దూరానికే, గుర్రాన్ని దించాడు. పార్నెల్‌ను లెంగ్త్‌న్నర తేడాతో ఓడించింది. వరసగా పదిహేనో గెలుపు. ఇంకొక్కటి గెలిస్తే ఇటలీ మహా గుర్రం రిబో పదహారు గెలుపుల వరసతో సమానం.

ఆ పదహారోది ఆగస్టు 15న యార్క్‌లో, బెన్సన్ అండ్ హెడ్జెస్ గోల్డ్ కప్. అప్పుడే కొత్తగా పెట్టిన పందెం. అక్కడైనా మిల్ రీఫ్ వస్తుందనుకుంటే ఆరోగ్యం మళ్లీ సహకరించలేదు. బ్రిగేడియర్ ధర 1/3. మూడు పౌండ్లు పెడితే ఒకటి వచ్చే బేరం. పోటీకి వచ్చినవాటిలో ఆ ఏడాది డెర్బీ గెలిచిన రాబెర్టో ఉంది. దాని యజమాని జాన్ గాల్‌బ్రెత్ పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ జట్టు యజమాని కూడా. తన జట్టు స్టార్ రాబెర్టో క్లెమెంటే పేరే గుర్రానికి పెట్టుకున్నాడు. డెర్బీలో దాన్ని గెలిపించిన పిగాట్ ఈసారి దాన్ని వదిలి రైన్‌గోల్డ్‌ను ఎంచుకున్నాడు. పనామా జాకీ బ్రౌలియో బయేజాను పిలిపించారు. ఇంగ్లిష్ జాకీల్లా చివరి దాకా దాచుకోవడం ఆయన పద్ధతి కాదు. గేటు తెరిచిన క్షణం నుంచే రాబెర్టోను ముందు పెట్టి ఉరికించాడు. దాన్ని అందుకోవడానికి మెర్సర్ ఎంత ప్రయత్నించినా మూడు లెంగ్త్‌లు మిగిలిపోయాయి. రెండు గుర్రాలూ పాత కోర్సు రికార్డును బద్దలు కొట్టాయి. మూడో స్థానంలో వచ్చిన గోల్డ్ రాడ్ ఇంకో పది లెంగ్త్‌ల వెనక. అంటే బ్రిగేడియర్ ఓడిన రోజున కూడా మామూలు రోజుల కంటే తక్కువ పరుగెత్తలేదు. రాబెర్టో ఆ రోజు ఎక్కడికో వెళ్లిపోయింది.

జీవితంలో అదొక్కటే ఓటమి. ఆ తర్వాత మళ్లీ క్వీన్ ఎలిజబెత్ స్టేక్స్, మళ్లీ ఛాంపియన్ స్టేక్స్ గెలిచి, 18 పందేల్లో 17 గెలుపులతో విరమించింది.

విరిగిన కాలు

యార్క్ పందేనికి రెండు వారాల తర్వాత, ఆగస్టు 30 ఉదయం కింగ్స్‌క్లియర్ కొండల మీద మామూలు పరుగులో మిల్ రీఫ్ ముందుకాలు విరిగింది. ఒక చోట కాదు, ఎముక ముక్కలైంది.

పందెపు గుర్రానికి కాలు విరిగితే సాధారణంగా అక్కడితో దాని కథ ముగుస్తుంది. అర టన్ను బరువున్న ప్రాణి మూడు కాళ్ల మీద నెలల తరబడి నిలబడలేదు. ఎక్కువ కాలం పడుకోబెట్టలేం. బరువంతా మిగిలిన కాళ్ల మీద పడి ఆ గిట్టలూ చెడిపోతాయి. మత్తు దిగేటప్పుడు బెదిరి లేచి వేసిన కట్టునే విరగ్గొట్టుకుంటాయి. అందుకే మందు ఇచ్చి కన్ను మూయించడమే దయ అనుకుంటారు.

మిల్ రీఫ్ విషయంలో ఆ పని చేయలేదు. లాయంలోని పాత ప్రార్థన మందిరాన్నే శస్త్రచికిత్స గదిగా మార్చి, ఉక్కు పలకతో ఎముకను అతికించి, కాలంతా ప్లాస్టర్ వేశారు. ఆ తర్వాత వారాల తరబడి గుర్రం చేయాల్సిన పని ఒక్కటే: కదలకుండా ఓపికగా నిలబడటం. దాన్ని కాపాడింది దాని స్వభావమే. పందెంలో పిడుగులా దూకే ఆ గుర్రం లాయంలో మహా నెమ్మది. ప్లాస్టర్ కాలితోనే మేత తింటూ, సాయీసు చెప్పినట్టు వింటూ కోలుకుంది. ఇక పందేలు లేవు. మొత్తం 14 పరుగుల్లో 12 గెలుపులు, రెండు రెండో స్థానాలు.

గినీస్ తర్వాతి లెక్క ఒకసారి వేస్తే: మిల్ రీఫ్ ఆరింటికి ఆరు, బ్రిగేడియర్ పదమూడింటికి పన్నెండు. రెండూ కలిపి 19 పరుగులు, 18 గెలుపులు. గినీస్‌కు ముందు మూడు గుర్రాల లెక్క కూడా సరిగ్గా ఇంతే. ఒక పందేనికి ముందూ వెనకా ఇన్ని గెలుపులు పేరుకున్న సందర్భం వెతికినా దొరకదు.

మూడో పేరు ఏమైంది?

మై స్వాలోకు మాత్రం గినీసే శిఖరం. ఆ తర్వాత పెద్ద పందెం ఏదీ దాని ఖాతాలో పడలేదు. రెండేళ్ల వయసులో ముందే ఎదిగిపోయిన గుర్రాలకు మూడేళ్లు వచ్చేసరికి మిగతావి అందుకోవడం రేసింగ్‌లో తరచూ జరిగేదే. కొన్నాళ్లకు స్టాలియన్‌గా జపాన్ చేరింది. పేరు నిలబెట్టే సంతానం రాలేదు.

యజమాని రాబిన్సన్ కూడా మెల్లగా రేసింగ్ నుంచి తప్పుకున్నాడు. ఆయన పేరు ఇవాళ నిలిచింది గుర్రాల వల్ల కాదు. న్యూమార్కెట్ పక్కనే, తాను పుట్టిన కేంబ్రిడ్జ్‌లో దాదాపు 1.8 కోట్ల పౌండ్లిచ్చి ఒక కళాశాల కట్టించాడు. 1981లో ఎలిజబెత్ రాణి దాన్ని ప్రారంభించింది. పదిహేనేళ్లకు బడి మానేసిన మనిషి పేరుతో రాబిన్సన్ కాలేజీ ఇవాళ కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో భాగం.

రక్తం చెప్పిన తీర్పు

పందెపు గుర్రానికి రెండో జీవితం స్టడ్‌లో మొదలవుతుంది. అక్కడ పోటీ గుర్రం పరుగెత్తేది కాదు, దాని పిల్లలు పరుగెత్తేది. ఆ పోటీలో మొదట గెలిచింది మిల్ రీఫ్.

కాలు నయమయ్యాక మెలన్ దాన్ని అమెరికాకు తీసుకుపోలేదు. న్యూమార్కెట్‌లోని నేషనల్ స్టడ్‌లో ఉంచాడు. తను ఓడిన ఊళ్లోనే మిల్ రీఫ్ రాజ్యం ఏలింది. కొడుకు షిర్లీ హైట్స్ 1978లో డెర్బీ గెలిచింది. షిర్లీ హైట్స్ కొడుకు స్లిప్ యాంకర్ 1985లో డెర్బీ గెలిచింది. తాత, తండ్రి, మనవడు ఏడేసి ఏళ్ల తేడాతో ఒకే పందెం కొట్టారు. 1987లో ఇంకో కొడుకు రెఫరెన్స్ పాయింట్ డెర్బీతో పాటు కింగ్ జార్జ్, సెయింట్ లెజర్ కూడా గెలిచింది. 1988లో డోయూన్ 2000 గినీస్ గెలిచి తండ్రికి చిక్కని పందేన్ని ఇంటికి తెచ్చింది. ఆ డోయూన్ పిల్లలు దేలామీ, కలనీసీ 1999లో, 2000లో అమెరికా వెళ్లి బ్రీడర్స్ కప్ టర్ఫ్ గెలిచాయి. ఇవన్నీ పూర్తిగా చూడకుండానే మిల్ రీఫ్ 1986లో చనిపోయింది.

బ్రిగేడియర్ సంతానం మీద పెట్టుకున్న ఆశలు అంతగా నెరవేరలేదు. చెప్పుకోదగ్గ పిల్లలు లేకపోలేదు. లైట్ కేవల్రీ 1980లో సెయింట్ లెజర్ గెలిచింది. జీను మీద మళ్లీ జో మెర్సరే. వైరాన్ 1981లో తండ్రి గెలిచిన ఛాంపియన్ స్టేక్స్ గెలిచింది. కానీ 18 పందేల్లో 17 గెలిచిన గుర్రం నుంచి జనం ఆశించింది ఇంకా పెద్దది. 1989లో బ్రిగేడియర్ చనిపోయేనాటికి దాని వంశం అంతటితో సరి అనుకున్నవాళ్లే ఎక్కువ.

రక్తం పక్కదారి పట్టి ప్రవహించింది. బ్రిగేడియర్ కొడుకు జనరల్‌కు లార్డ్ ఎట్ వార్ అనే కొడుకు పుట్టాడు. అర్జెంటీనా నుంచి అమెరికా చేరిన ఆ గుర్రం ఆడపిల్లలు గొప్ప తల్లులయ్యాయి. ఒక కూతురి కొడుకు వార్ ఎంబ్లెమ్ 2002లో కెంటకీ డెర్బీ గెలిచింది. ఇంకో కూతురు స్టార్ ఆఫ్ గోషెన్ కొడుకు పయనీరాఫ్ ద నైల్. దాని కొడుకు అమెరికన్ ఫేరో. 1978 తర్వాత 37 ఏళ్లు ఎవరికీ దక్కని అమెరికా ట్రిపుల్ క్రౌన్‌ను 2015లో గెలిచింది ఈ అమెరికన్ ఫేరోనే. దాని వంశవృక్షంలో ఐదో తరంలో బ్రిగేడియర్ జెరార్డ్ పేరుంది.

250 పౌండ్ల తండ్రి క్వీన్స్ హుస్సార్ సంగతీ చెప్పాలి. దాని కూతురు, రాణిగారి గుర్రం హైక్లియర్ 1974లో 1000 గినీస్, ఫ్రెంచ్ ఓక్స్ రెండూ గెలిచింది. ఆ హైక్లియర్ కూతురి కొడుకు నష్వాన్ 1989లో 2000 గినీస్, డెర్బీ గెలిచింది. శిక్షకుడు అదే డిక్ హెర్న్. హైక్లియర్ మరో కూతురి వైపు నుంచి పుట్టిన డీప్ ఇంపాక్ట్ 2005లో జపాన్ ట్రిపుల్ క్రౌన్ గెలిచి, ఆ దేశపు అతి గొప్ప స్టాలియన్లలో ఒకటైంది. చవక బేరమని హిస్లప్ ఎంచుకున్న రక్తం మూడు ఖండాల్లో పరుగెత్తుతోంది.

ఎవరు గొప్ప?

గుర్రాలకు మార్కులు వేసే టైమ్‌ఫామ్ సంస్థ బ్రిగేడియర్‌కు 144, మిల్ రీఫ్‌కు 141 ఇచ్చింది. మై స్వాలోకు రెండేళ్ల వయసులో దక్కింది 134. 2012లో ఫ్రాంకెల్‌కు 147 వచ్చేదాకా బ్రిగేడియర్‌ను దాటిన గుర్రం ఫ్రాన్స్‌కు చెందిన సీ బర్డ్ ఒక్కటే, 145తో.

మార్కులను పక్కన పెట్టి దూరాలవారీగా తూస్తే లెక్క ఇంకోలా వస్తుంది. మైలుకు బ్రిగేడియర్‌కు ఎదురు లేదు. మైలున్నరకు మిల్ రీఫ్‌ది పైచేయి. ఒకే కింగ్ జార్జ్‌ను ఒకటి ఆరు లెంగ్త్‌లతో గెలిస్తే, ఇంకోటి లెంగ్త్‌న్నరతో గెలిచింది. అసలు తగాదా మధ్యలో ఉన్న మైలుంబావు దగ్గర. రెండూ ఎక్లిప్స్ గెలిచాయి. అక్కడే అవి మళ్లీ కలవాల్సింది. ఆ దూరానికి, నేల కాస్త తడిగా ఉంటే, నా డబ్బు మిల్ రీఫ్ మీదే. బ్రిగేడియర్ అతి కష్టం మీద బయటపడ్డ రెండు పందేలూ తడి నేలవే. మిల్ రీఫ్ పది లెంగ్త్‌లతో గెలిచిన గిమ్‌క్రాక్ కూడా తడి నేలదే.

ఒప్పుకోని వాళ్లు వాదన పెంచనక్కర్లేదు. ఆ రెండూ కలిసి పరుగెత్తిన ఒకే ఒక్క పందెం ఫలితం చూపిస్తే చాలు. మూడు లెంగ్త్‌లు. దానికి మాత్రం మిల్ రీఫ్ అభిమానుల దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.